మీటరు లేని మాట

మిర్యాలగూడ బస్టాండు ఎదురుగా ఒక ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్ ఉండేది. పసుపు బోర్డు, అద్దాల గది, లోపల ఉక్కపోత. ఫోను పైన గోడకు బిగించిన చిన్న పెట్టెలో ఎర్ర అంకెలు పరుగెత్తేవి. 1999 నాటి సంగతి ఇది. అమెరికాకైతే నిమిషానికి అరవై రూపాయలు దాటేది, దుబాయ్ కాస్త నయం. అప్పుడు నేనొక రైస్ మిల్లులో గుమస్తాను. దుబాయ్‌లో ఉన్న బ్రోకరుతో మాట్లాడి రమ్మని మా సేటు పంపినప్పుడల్లా డబ్బులతో పాటు ఒక చీటీ కూడా చేతిలో పెట్టేవాడు. చీటీ మీద నాలుగే లైన్లు: ఏ రకం, ఎన్ని టన్నులు, ఏం రేటు, ఎన్నటికి. "గీ నాలుగు అడుగు. చెప్పింది రాసుకో, మళ్ల సదివి వినిపియ్యి, పెట్టెయ్యి. బాగోగులు ఉత్తరంల అడగొచ్చు" అనేవాడు. మూడు నిమిషాలు దాటిన రోజు బూత్‌లోంచి బయటికి వచ్చేసరికి నా చొక్కా తడిసి ముద్దయ్యేది, సగం ఉక్కకు, సగం మీటరుకు.

ఇప్పుడు అదే మిల్లులో సేటు మనవడు లారీల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఆఫ్రికాలోని కోటొనూ బయ్యర్‌తో నలభై నిమిషాలు మాట్లాడతాడు. క్రికెట్ ఉంటుంది, ఫుట్‌బాల్ ఉంటుంది, మధ్యలో ఎక్కడో బియ్యం ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఫోను జేబులో పెట్టుకున్నాక నా దగ్గరికి వచ్చి అడుగుతాడు: "అంకుల్, లోడింగ్ ఇరవైకి అన్నడా, ఇరవై రెండుకా?"

ఇంటర్నెట్ కాల్ వచ్చి బిల్లు పోయింది. బిల్లుతో పాటు చీటీ కూడా పోయింది. బిల్లు పోవాల్సిందే, దాన్ని ఇంకా ఎలా తగ్గించుకోవాలో ఈ అధ్యాయంలో చెబుతాను. చీటీని మాత్రం పోనివ్వకండి. నేను పోనిచ్చి ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను, అదీ చెబుతాను.

సాగర్ ఎడమ కాలువ కింద బతికే మనకు విదేశీ సంబంధాలు నిన్నా మొన్నా మొదలైనవి కావు. ఇప్పుడు జలాశయం అడుగున ఉన్న విజయపురిలో ఇక్ష్వాకుల కాలానికే సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా విహారం ఉండేది, శాసనంలో ఆ పేరుంది. ఇక మన కాలానికి వస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్ల వెంట వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి. ఒక్క మిర్యాలగూడ చుట్టూనే వందకు పైగా రైస్ మిల్లులున్నాయి. కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట వైపు మరికొన్ని. అమెరికాలో తెలుగువాళ్ల కిరాణా కొట్టులో దొరికే సోనా మసూరి సంచి వెనుకా, పశ్చిమ ఆఫ్రికాలో వండుకునే ఉప్పుడు బియ్యం వెనుకా ఇక్కడి కాంటా, ఇక్కడి హమాలీ చెమట ఉంటాయి. చాలా మిల్లులు నేరుగా ఎగుమతి చేయవు, కాకినాడ ఎగుమతిదారుకు అమ్ముతాయి. అయినా రేటు ఎక్కడో మనీలాలోనో, కోటొనూలోనో, దుబాయ్‌లోనో కదులుతుంది. అక్కడ కదిలిన సంగతి ఇక్కడ గంట ముందు తెలిసినవాడు వడ్లు ఒక రేటుకు కొంటాడు, తెలియనివాడు ఇంకో రేటుకు కొంటాడు.

2023 జులై 20 చాలామందికి గుర్తుండే ఉంటుంది. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది. అమెరికాలో మనవాళ్లు కొట్ల ముందు క్యూలు కట్టి సంచులు ఎత్తుకుపోయారు, ఆ వీడియోలు మనమంతా చూశాం. ఇక్కడ మిల్లుల్లో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. నోటిఫికేషన్ రాకముందే ఓడలోకి ఎత్తడం మొదలైన సరుకుకు మినహాయింపు ఉంది. మరి మన సరుకు ఎత్తడం మొదలైందా? రేవులో ఎవరు ఫోను ఎత్తుతారు? బయ్యర్‌కు ఏం చెప్పాలి? ఒక్కొక్కరు ఆ రాత్రి ఇరవై ముప్పై విదేశీ కాల్స్ మాట్లాడారు. పాత మీటరు గనక ఉండి ఉంటే ఒక్క రాత్రిలో గుమస్తా నెల జీతం కరిగిపోయేది. ఆ నిషేధం మళ్లీ 2024 సెప్టెంబరు చివర్లో గానీ తొలగలేదు. ఆ తర్వాత 2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వమే కాకినాడ నుంచి 12,500 టన్నుల ఎంటీయూ 1010 రకం బియ్యాన్ని ఫిలిప్పీన్స్‌కు పంపించింది. అదేనండీ, మనం కాటన్‌దొర సన్నాలు అనే రకం. అంటే మన ఫోను పుస్తకంలోకి మనీలా కూడా వచ్చి చేరింది.

ముందు బిల్లు చదవండి

ఏ యాప్ వాడాలి అని అడిగేవాళ్లే తప్ప, నా డబ్బు ఎటు పోతోంది అని అడిగేవాళ్లు తక్కువ. గత మూడు నెలల ఫోను బిల్లులన్నీ, మిల్లువీ, ఆఫీసువీ, కొడుకువీ, ముందు పెట్టుకుని ఒక ఎర్ర పెన్ను తీసుకోండి. విదేశీ కాల్ ఉన్న ప్రతి లైను కిందా గీత గీయండి. పక్కన మూడు సంగతులు రాయండి: ఎవరికి చేశాం, ఆయన చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉందా, ఆ కాల్ ఎవరు చేశారు. గంట పని ఇది. నేను చూసిన నాలుగైదు ఆఫీసుల్లో గీతలన్నీ మూడు చోట్లే గుమికూడాయి.

మొదటిది అలవాటు. అవతలివాడి దగ్గర వాట్సాప్ ఉంది, మన దగ్గరా ఉంది, అయినా పాత మేనేజరు నేరుగా ప్లస్ కొట్టి దేశం కోడ్ కొట్టి పిలుస్తాడు. ఆయనకు అదే పక్కా ఫోను, మిగతాది పిల్లల ఆట. దీనికి మందు సులభం, ఆఫీసు ఫోనుల్లో ఐఎస్‌డీ సౌకర్యాన్నే మూసేయించండి. వారం రోజులు గొణుగుతాడు.

రెండోది ల్యాండ్‌లైన్లు. షిప్పింగ్ కంపెనీ ఆఫీసు, అవతలి బ్యాంకు, రేవులో సరుకు తనిఖీ చేసే ఏజెన్సీ, వీళ్లు వాట్సాప్ ఎత్తరు. వీళ్లకు ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోనుకు కలిపే సర్వీసు కావాలి. నిమిషాల లెక్కన ముందే డబ్బు కట్టి వాడుకోవాలి. మామూలు ఐఎస్‌డీ కంటే చాలా దేశాలకు చవకే గానీ ఆఫ్రికా దేశాల్లో మొబైల్ నంబర్లకు రేటు భగ్గుమంటుంది. అందుకని రేట్ల పట్టికలో మీ బయ్యర్ దేశం పేరు ఒక్కటే చూసి మురిసిపోకండి, ల్యాండ్‌లైన్ రేటూ మొబైల్ రేటూ వేరువేరుగా చూడండి. కొన్ని కంపెనీలు కాల్ కలిసినందుకే విడిగా ఒక రుసుము తీసుకుంటాయి, కొన్ని 60 సెకన్ల లెక్కన పైకి సవరిస్తాయి. పది సెకన్ల కాల్‌కు నిమిషం డబ్బులు. పాత బూత్‌వాడు కూడా అంతకంటే దయగలవాడు.

మూడోది రోమింగ్. బిల్లు మండేది ఎక్కువగా ఇక్కడే. గల్ఫుడ్ ప్రదర్శనకని దుబాయ్ వెళ్తారు. విమానం దిగగానే ఫోను తనంతట తాను అక్కడి నెట్‌వర్క్ పట్టుకుంటుంది. మీరు సామాను కోసం బెల్టు దగ్గర నిలబడి ఉండగానే గ్రూపుల్లో వచ్చిన పెళ్లి వీడియోలన్నీ రోమింగ్ డేటా మీద దిగిపోతాయి, ఫొటోలు బ్యాకప్ అవుతాయి. మీరొక్క మాట కూడా మాట్లాడలేదు, బిల్లు మాత్రం తయారు. శంషాబాద్‌లో విమానం ఎక్కేముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి డేటా రోమింగ్ ఆపేయండి. అక్కడి సిమ్ గానీ ఈ-సిమ్ గానీ తీసుకుని డేటాకు అదే వాడండి. ఇండియా సిమ్‌ను మాత్రం తీసి పడేయకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. విదేశంలో ఉండగా ఎల్‌సీ డబ్బు కదిలే రోజున ఓటీపీ రాక హోటల్ గదిలో తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక ఇంటర్నెట్ కాల్‌కు ఎంత డేటా అవుతుందని భయపడేవాళ్లకు: వాట్సాప్ లాంటి యాప్‌లో మాటల కాల్‌కు నిమిషానికి అటూ ఇటూ అర ఎంబీ నుంచి ఒక ఎంబీ. గంటసేపు మాట్లాడినా అరవై ఎంబీ దాటడం అరుదు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాక్‌లో అది మూలకు రాదు. వీడియో పెడితే లెక్క వేరు. బియ్యం నమూనా చూపించాలంటే రెండు నిమిషాలు వీడియో పెట్టి, చూపించి, ఆపేయండి. మిగతాదంతా మాటల్లోనే.

పదిహేడు వేల సంచులు

ఇప్పుడు నా దెబ్బ సంగతి. కొన్నేళ్ల కింద ఒక మిల్లు ఎగుమతి పనులు నేను చూసేవాణ్ని. పశ్చిమ ఆఫ్రికా బయ్యర్, ఫ్రెంచ్ మాట్లాడే దేశం, ఆయన ఇంగ్లిష్‌కు ఆ యాస. నేను మిల్లు షెడ్డు కింద నిలబడి స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాను. పక్కన పాలిషర్ నడుస్తోంది, బయట లారీ రివర్స్ కొడుతోంది. ఆయన 'థర్టీన్' కంటైనర్లు అన్నాడు. నాకు 'థర్టీ' అని వినిపించింది. సంతోషం పట్టలేక చీటీ మర్చిపోయాను, తిరిగి చదివి వినిపించడం మర్చిపోయాను. ఇరవై అడుగుల కంటైనర్‌కు ఇరవై అయిదు టన్నుల లెక్కన ముప్పై కంటైనర్లకు 25 కిలోల సంచులు 30 వేలు కావాలి. ఆ సాయంత్రమే బయ్యర్ బ్రాండు బొమ్మతో సంచులు అచ్చుకు ఇచ్చేశాం. పది రోజులకు కాంట్రాక్టు కాగితం వచ్చింది. 13 కంటైనర్లు. సంచులు 13 వేలు చాలు. మిగిలిన 17 వేల సంచుల మీద వాడి ఏనుగు బొమ్మ, వాడి భాష. ఇంకెవరికి పనికొస్తాయి? నాలుగేళ్లు వాటిలో తవుడు నింపి అమ్ముకున్నాం. కోళ్ల ఫారాలవాళ్లు ఆ ఏనుగును చూసి నవ్వేవారు.

ఆ తర్వాత మా బంధువుల అబ్బాయి, హైదరాబాద్‌లో నెట్‌వర్కింగ్ పని చేసేవాడు, అసలు ఏం జరిగిందో కాగితం మీద గీసి చెప్పాడు. ఇంటర్నెట్ కాల్‌లో మన గొంతు తీగ వెంట ఏకధారగా పోదు. దాన్ని సెకనులో యాభయ్యో వంతు చొప్పున ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ ఒక కవరులో పెట్టి పంపిస్తారు. అంటే సెకనుకు యాభై కవర్లు. ఒక్కో కవరూ తన దారిన తాను పోతుంది. మెయిల్‌లో పంపిన ఫైలు కవర్లలో ఒకటి తప్పిపోతే, అవతలి కంప్యూటరు "ఫలానా కవరు రాలేదు, మళ్లీ పంపు" అని అడిగి తెప్పించుకుంటుంది. క్షణం ఆలస్యమైనా ఫైలు మొత్తం చేరుతుంది. మాటకు ఆ తీరిక ఉండదు. పోయిన కవరు మళ్లీ తెప్పించేలోగా అవతలివాడు రెండు మాటలు ముందుకు వెళ్లిపోతాడు. అందుకని యాప్ ఏం చేస్తుందంటే, పోయిన ముక్క స్థానంలో ముందు ముక్కనే సాగదీసి అతికిస్తుంది. చెవికి అతుకు తెలియదు. 'థర్టీన్' చివర ముక్కులోంచి వచ్చే ఆ 'న్' మోసుకొచ్చేవి నాలుగైదు కవర్లు. అవి పోతే మిగిలేది నున్నటి 'థర్టీ'. గరగర ఉండదు, తెగినట్టు ఉండదు, అనుమానం రాదు. పాత ట్రంకాల్‌లో గరగరలాడేది కాబట్టి మళ్లీ అడిగేవాళ్లం. ఇప్పుడు తప్పు కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

దీన్ని బట్టి నేను పెట్టుకున్న అలవాటు: అంకె ఏదైనా సరే, రేటు, టన్నులు, నూక శాతం, తేదీ, కాల్‌లో చెప్పినా వెంటనే అదే యాప్‌లో రాసి పంపడం. నోటితో చెప్పేటప్పుడు అంకెలు విడివిడిగా చెప్పడం: "వన్ త్రీ, థర్టీన్." అవతలివాడు "యెస్" అంటే లెక్కలోకి రాదు, తిరిగి అంకె చెప్పాలి. నూక శాతం దగ్గర మరీ జాగ్రత్త. అయిదు శాతం నూక బియ్యానికీ ఇరవై అయిదు శాతం నూకకూ మధ్య టన్నుకు వచ్చే తేడా ఒక్క ఓడలో మిల్లు ఏడాది లాభాన్ని ఊడ్చేస్తుంది.

ఇక మిల్లులో నెట్ సంగతి. వేగం అని కంపెనీవాళ్లు చెప్పేది కిందికి దిగే వేగం. మన మాట పైకి ఎక్కాలి కదా, పైకి ఎక్కే వేగం ఎంతో అడగండి. ఒక్క కాల్‌కు పాత పద్ధతిలో కూడా వంద కేబీపీఎస్ లోపే చాలు, కొత్త యాప్‌లకు అంత కూడా అక్కర్లేదు. అయినా మాట తెగుతోందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. చాలా మిల్లుల్లో ఆ దొంగ సీసీ కెమెరా. కాంటా దగ్గర రెండు, గోదాము దగ్గర నాలుగు, గేటు దగ్గర ఒకటి, అన్నీ పగలంతా వీడియోను క్లౌడ్‌కు ఎక్కిస్తూ పైదారిని నింపేస్తాయి. మీ మాట కవర్లు లారీల వెనుక ఇరుక్కున్న సైకిల్లా నిలబడిపోతాయి. కెమెరాలకు వేరే లైను పెట్టండి, లేదంటే రాత్రి మాత్రమే ఎక్కించేలా పెట్టించండి. రూటరులో కాల్స్‌కు ముందు దారి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, పెట్టినవాడితోనే అది కూడా చేయించుకోండి, మళ్లీ రమ్మంటే రాడు.

రేకుల షెడ్డు కింద వైఫై నమ్ముకోకండి. ఎగుమతి మాటలు మాట్లాడే టేబుల్ దగ్గరికి రూటరు నుంచి ఒక తీగ లాగించండి. రూటరునూ ఫైబర్ పెట్టెనూ చిన్న యూపీఎస్ మీద పెట్టండి. మిల్లుకు జనరేటరు ఉంటుంది, నిజమే, కానీ కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ అర నిమిషంలో రూటరు ఆరిపోతుంది, మళ్లీ లేచేసరికి మూడు నిమిషాలు. బయ్యర్ అప్పటికి ఇంకో మిల్లుకు ఫోను చేసి ఉంటాడు. మైకు ఉన్న ఒక మంచి హెడ్‌సెట్ కొనండి. ఇన్ని లక్షల సార్టెక్స్ యంత్రం పెట్టుకుని హెడ్‌సెట్ దగ్గర బేరమాడే సేటులను నేను చూశాను.

ఏ దేశానికి ఏ దారి

యాప్ ఏదైనా ఒకటే కదా అనుకుంటే దుబాయ్‌లో దెబ్బతింటారు. యూఏఈలో వాట్సాప్ సందేశాలు పోతాయి, కాల్స్ కలవవు. అక్కడ అనుమతి ఉన్నవి వేరు: బోటిమ్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటివి. మీ దుబాయ్ బ్రోకరు ఏది వాడుతున్నాడో అడిగి అదే పెట్టుకోండి. "వీపీఎన్ వేసుకో, అంతా కలుస్తది" అని సలహా ఇచ్చేవాడు పక్కనే ఉంటాడు. అక్కడి సైబర్ చట్టంలో వీపీఎన్ అడ్డం పెట్టుకుని నేరం చేస్తే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలై 20 లక్షల దాకా పోతుంది. ఐఎస్‌డీ బిల్లు ఎంతో నయం. సౌదీ 2017లో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం సడలించింది. గల్ఫ్ అంతా ఒకటే పద్ధతి కాదు, ఏ దేశానికి ఆ దేశమే చూసుకోవాలి.

ఒకే యాప్‌ను నమ్ముకోవడం గురించి ఒక మాట. స్కైప్ 2003లో వచ్చింది. ఒక తరం ఎగుమతిదారులకు అదే ఫోను, అదే డైరెక్టరీ. 2025 మే 5న మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది. ముందే చెప్పింది, అయినా వినని ఆఫీసుల్లో ఇరవై ఏళ్ల బయ్యర్ల పేర్లు అందులోనే ఉండిపోయాయి. ప్రతి బయ్యర్‌దీ కనీసం రెండు యాప్‌ల్లో చిరునామా, ఒక మామూలు ఫోను నంబరు, ఒక మెయిల్, వీటిని కాగితం పుస్తకంలో రాసి పెట్టుకోండి. అవును, కాగితమే.

ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. గుమస్తా తన సొంత సిమ్ మీద బయ్యర్లతో మాట్లాడతాడు, పాపం వాడి డేటా, వాడి ఫోను, సేటుకు ఖర్చు లేదు. రెండేళ్ల తర్వాత వాడు పక్క మిల్లులో చేరతాడు. బయ్యర్లకు తెలిసింది ఆ నంబరే, మిల్లు పేరు కాదు. అందుకని సిమ్ మిల్లు పేరు మీద తీసుకుని, దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టి, రెండంచెల పిన్ సేటు దగ్గర ఉంచండి. గుమస్తాను తప్పు పట్టను, నేనూ గుమస్తానే. ఫోను కొనివ్వని సేటుదే తప్పు.

మోసాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు కాల్ చవకైనందువల్లే నడుస్తున్నాయి. మూడు రకాలు చెబుతాను. అర్ధరాత్రి తెలియని దేశం నంబరు నుంచి ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేస్తారు. మిస్డ్ కాల్ ఇవ్వడం, దానికి తిరిగి చేయడం మనకు అలవాటైన మర్యాద కదా, కొత్త బయ్యరేమోనని తిరిగి చేస్తాం. అది నిమిషానికి విపరీతంగా వసూలు చేసే నంబరు, అందులో వాటా వాళ్లకు. నిజమైన బయ్యర్ సందేశం పెడతాడు. రెండోది, "మా బ్యాంకు ఖాతా మారింది, మిగతా డబ్బు దీనికి పంపండి" అని అచ్చం మీ సరఫరాదారు మెయిల్ నుంచో, షిప్పింగ్ ఏజెంట్ పేరుతోనో వచ్చే ఉత్తరం. అందులో ఇచ్చిన నంబరుకు చేయకండి, మీ కాగితం పుస్తకంలో ఉన్న పాత నంబరుకు వీడియో కాల్ చేసి ముఖం చూసి అడగండి. కాల్ ఉచితమైనందుకు దక్కిన అసలు లాభం ఇదే, ఎన్నిసార్లయినా సరిచూసుకోవచ్చు. డబ్బు పోతే గంటలు లెక్క, వెంటనే 1930కి చేయాలి. మూడోది మన గడప దాకా వస్తుంది. "మీ ఆఫీసులో ఒక గది ఇవ్వండి, నాలుగు పెట్టెలు పెట్టుకుంటాం, నెట్ ఉంటే చాలు, నెలకు మంచి అద్దె" అంటారు. ఆ పెట్టెల నిండా సిమ్ కార్డులుంటాయి. విదేశం నుంచి నెట్ మీద వచ్చిన కాల్స్‌ను లోకల్ కాల్స్‌గా మార్చి పంపే దొంగ ఎక్స్ఛేంజ్ అది. హైదరాబాద్‌లో ఇలాంటివి పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. పెట్టెలవాడు పారిపోతాడు, ఇల్లు మీది.

మన దేశంలో ఇంటర్నెట్ ఫోనుకు 2002 ఏప్రిల్ 1నే తలుపు తీశారు, విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం పోయింది కూడా ఆ వేళకే. ఇండియా నంబర్లకు నెట్ మీద కాల్స్ కలపాలంటే మాత్రం లైసెన్స్ ఉన్న కంపెనీయే కలపాలి. ఆఫీసుకు పది లైన్ల నెట్ ఫోను ఏర్పాటు చేస్తానని ఎవరైనా వస్తే, ఆ లైన్లు ఏ లైసెన్స్ కంపెనీవో కాగితం మీద రాయించుకుని, బిల్లు జీఎస్టీతో తీసుకోండి. బిల్లు ఇవ్వనివాడితో మాట్లాడే పని లేదు.

గడియారం గురించి చెప్పి ఆపుతాను. ఉచితం కదా అని ఎప్పుడు పడితే అప్పుడు చేస్తే ఎత్తరు, ఎత్తినా విసుక్కుంటారు. మనం తొమ్మిదికి కాంటా తెరిచేసరికి మనీలాలో పదకొండున్నర, ఇంకో అరగంటలో భోజనానికి లేస్తారు. వాళ్లతో ముందు మాట్లాడేయాలి. దుబాయ్ పదిన్నరకు మేలుకుంటుంది, అక్కడ తొమ్మిది. 2022 నుంచి వాళ్ల సెలవులు శనాదివారాలయ్యాయి, శుక్రవారం మధ్యాహ్నం దాకా దొరుకుతారు. కోటొనూ ఆఫీసు తెరిచేసరికి మనకు ఒంటి గంటన్నర, సరిగ్గా సేటు కునుకు తీసే వేళ. న్యూజెర్సీ కొట్టు యజమానికి పొద్దున తొమ్మిదంటే మనకు ఎండాకాలం సాయంత్రం ఆరున్నర, చలికాలం ఏడున్నర, వాళ్లు గడియారం మార్చుకుంటారు కాబట్టి. ఈ నాలుగు వేళలూ అట్ట మీద రాసి టేబుల్ ముందు గోడకు కొట్టాం.

పెద్ద సేటుకు ఇప్పుడు ఎనభై దాటింది. రోజూ మధ్యాహ్నం కునుకు మాని ఆఫీసులో వచ్చి కూర్చుంటాడు. మనవడు హెడ్‌సెట్ పెట్టుకుని కోటొనూతో "వన్ త్రీ" అంటుంటే చెవి ఒగ్గి వింటాడు. కాల్ అయ్యాక ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "ఎంతయింది?" ఏం కాలేదు తాతా అంటే నమ్మడు, ఎవడో ఎక్కడో రాసుకుంటుంటాడని ఆయన అనుమానం. చేయి చాపుతాడు. మనవడు చీటీ ఇస్తాడు. కళ్లద్దాలు పైకెత్తి నాలుగు లైన్లూ చదివి, టేబుల్ మీది ఇనుప ఊచకు గుచ్చుతాడు.